జీవానికి వేగమిచ్చే ఎంజైములు

డబ్బాలో పోసిన చక్కెర ఏళ్లు గడిచినా చక్కెరగానే ఉంటుంది. చుట్టూ గాలి ఉంది. గాలిలో ఆక్సిజన్ ఉంది. చక్కెర ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ డయాక్సైడ్, నీరు తయారవుతాయి, వేడి పుడుతుంది. రసాయన శాస్త్రం ప్రకారం ఆ మార్పుకు అడ్డేమీ లేదు. అయినా డబ్బాలో ఏమీ జరగదు. నిప్పు తగిలితే తప్ప చక్కెర కదలదు. అదే చక్కెర కాఫీలో కలిసి కడుపులోకి వెళ్తే సంగతి మారిపోతుంది. కొద్ది గంటల్లోనే అది కార్బన్ డయాక్సైడ్, నీరు అయిపోతుంది. అందులోంచి వచ్చిన శక్తితో గుండె కొట్టుకుంటుంది, చెయ్యి కదులుతుంది, మెదడు ఆలోచిస్తుంది. ఒంట్లో నిప్పు లేదు. ఉన్నదల్లా 37 డిగ్రీల వెచ్చదనం. ఆ కాస్త వెచ్చదనంలోనే, మంట లేకుండా ఈ పని చేసిపెట్టేవి ఎంజైములు.

ఎంజైము అంటే జీవకణం తన కోసం తయారు చేసుకునే ఉత్ప్రేరకం. ఉత్ప్రేరకం అంటే రసాయన చర్యను వేగంగా జరిపించి, తాను మాత్రం ఖర్చయిపోకుండా మిగిలే పదార్థం. ఒక పని ముగియగానే అదే ఎంజైము మరో అణువును అందుకుంటుంది, మళ్లీ మరొకదాన్ని అందుకుంటుంది. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే, అంటే మాంసకృత్తులే. ఆర్‌ఎన్ఏ కూడా కొన్ని చోట్ల ఈ పని చేయగలదని 1980లలో బయటపడింది. దాన్ని కనిపెట్టిన థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి, మర్రిచెట్టు, రొట్టె మీది బూజు, మట్టిలోని బాక్టీరియా, ఏ ప్రాణిని తీసుకున్నా ఎంజైములు లేకుండా బతికేది లేదు.

ఒక్క మాట మొదటే మనసులో పెట్టుకుంటే తరువాతిదంతా సులువుగా అర్థమవుతుంది. ఎంజైము జరగని పనిని జరిపించదు. ఎప్పుడో జరగవలసిన పనిని ఇప్పుడే జరిపిస్తుంది.

ఆ ‘ఎప్పుడో’ అన్నది ఎంత దూరమో అమెరికాలో రిచర్డ్ వుల్ఫెండెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకురాలు రాడ్జికా 1995లో లెక్కకట్టి చూపించారు. డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏల తయారీకి ప్రతి కణంలోనూ జరగవలసిన ఒక చర్యను వాళ్లు ఎంచుకున్నారు. ఎంజైము లేకుండా మామూలు నీటిలో వదిలేస్తే, ఉన్న పదార్థంలో సగం మారడానికి దాదాపు 7 కోట్ల 80 లక్షల సంవత్సరాలు పడుతుందని తేలింది. డైనోసార్లు అంతరించి ఇప్పటికి 6 కోట్ల 60 లక్షల ఏళ్లే అయింది. అవి అంతరించిన రోజుల్లో మొదలైన పని నేటికీ సగం పూర్తికాదన్నమాట. ఎంజైము తోడుంటే అదే పనికి సెకనులో చిన్న భాగం చాలు.

ఊపిరి పీల్చి వదిలే ప్రతిసారీ జరిగే పని ఒకటుంది. కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కరిగి, బైకార్బొనేట్‌గా మారి, ఊపిరితిత్తుల దాకా వస్తుంది. అక్కడ మళ్లీ వాయువుగా మారి బయటికి పోవాలి. ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో రక్తం నిలిచేది ఒక సెకను లోపే. ఆ లోపే పని అయిపోవాలి. ఎర్ర రక్తకణాల్లో ఉండే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఆ పని చూస్తుంది. దాని ఒక్క అణువు సెకనుకు 10 లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చగలదు.

ఎంజైముల చరిత్ర మాత్రం ఊపిరితో కాదు, అరుగుదలతో మొదలైంది. తిన్నది కడుపులో ఎలా అరుగుతుంది? 18వ శతాబ్దంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. కడుపు కండరాలు తిండిని నలిపి నుజ్జు చేస్తాయని కొందరు, కడుపులో ఊరే రసమే దాన్ని కరిగిస్తుందని మరికొందరు. ఫ్రాన్స్‌కు చెందిన రియోమూర్ ఈ సంగతి తేల్చడానికి ఒక పెంపుడు గద్దను ఎంచుకున్నాడు. అరగని వస్తువును గద్ద తిరిగి కక్కేస్తుంది. ఆయనకు కావలసింది ఆ అలవాటే. చిన్న లోహపు గొట్టంలో మాంసం ముక్క పెట్టి, రెండు చివరలూ సన్నటి జల్లెడతో మూసి, గద్ద చేత మింగించాడు. గొట్టం గట్టిది కాబట్టి కడుపు ఎంత నొక్కినా లోపలి మాంసం నలగదు. జల్లెడ గుండా రసం మాత్రం లోపలికి వెళ్లగలదు. గద్ద గొట్టాన్ని కక్కాక తెరిచి చూశాడు. మాంసం చాలావరకు కరిగిపోయి ఉంది. కుళ్లిన వాసన లేదు. అంటే అది కుళ్లిపోలేదు, నలగలేదు. రసమే దాన్ని కరిగించింది. 1752లో రియోమూర్ ఈ ప్రయోగాన్ని ప్రకటించాడు. అంత చిన్న పరికరంతో, జంతువుకు ప్రాణాపాయం లేకుండా, అంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన ప్రయోగాలు విజ్ఞాన చరిత్రలో అరుదు.

కరిగించేది రసమే అని తెలిసింది. మరి ఆ రసంలో ఏముంది? 1833లో పేయెన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో ఆల్కహాలు కలిపారు. తెల్లటి పదార్థం విడివడింది. దాన్ని చిటికెడు తీసి గంజిలో వేస్తే గంజి పలుచబడి, తియ్యగా మారింది. ఆ పదార్థానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. జీవి నుంచి వేరు చేసి సీసాలో పెట్టగలిగిన మొదటి ఎంజైము అదే. ఇప్పుడు దాన్ని అమైలేజ్ అంటున్నారు.

ఆ ప్రయోగం తెలుగు వంటింట్లో ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. రాగులు కడిగి నానబెడతారు. తడిగుడ్డలో మూటగడతారు. సన్నని తెల్లటి మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టిస్తారు. మామూలు రాగిపిండితో కాచిన జావ చల్లారేసరికి గట్టిపడుతుంది. మొలకల పిండితో కాచిన జావ పలుచగా, జారుగా ఉంటుంది, కాస్త తియ్యగానూ ఉంటుంది. కారణం అమైలేజే. గింజ మొలకెత్తేటప్పుడు లేత మొక్కకు ఆహారం కావాలి. అందుకని గింజ అమైలేజ్‌ను తయారు చేసుకుని, తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడుతుంది. జావ పొయ్యి మీద వేడెక్కుతున్న కొద్ది నిమిషాల్లో ఆ ఎంజైమే పిండి గొలుసులను తెంచేస్తుంది. చంటిపిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. వాళ్ల పొట్ట చిన్నది. జావ చిక్కబడుతోందని నీళ్లు ఎక్కువ పోస్తే, కడుపు నిండుతుంది కానీ బలం అందదు. మొలకల పిండి అయితే అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి కలిపినా బిడ్డ సులువుగా మింగగలుగుతుంది. మొలకల రాగుల్ని మాడేలా వేయిస్తే మాత్రం ఎంజైము చెడిపోతుంది, జావ మళ్లీ గట్టిపడుతుంది. దోరగా అని పెద్దవాళ్లు చెప్పడంలో ఇంత ఉంది.

19వ శతాబ్దమంతా మరో వాదం సాగింది. చక్కెర పులిసి సారాగా మారాలంటే బతికున్న ఈస్టు కణాలు ఉండి తీరాలని లూయీ పాశ్చర్ గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకాన్ని జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ 1897లో మార్చేశాడు. ఈస్టును ఇసుకతో కలిపి నూరి, కణాలన్నీ పగిలాక పిండి, రసం తీశాడు. ఆ రసంలో బతికున్న కణం ఒక్కటీ లేదు. రసం చెడిపోకుండా ఉండాలని అందులో చక్కెర కలిపితే, బుడగలు రావడం మొదలైంది. చక్కెర పులుస్తోంది! ప్రాణం లేని రసం ప్రాణం చేసే పని చేస్తోంది. జీవంలో జరిగేది రసాయన చర్యే అని, దాన్ని గాజు పాత్రలో పరీక్షించవచ్చని ఆ బుడగలు చెప్పాయి. బుక్నర్‌కు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. జీవరసాయన శాస్త్రం అక్కడినుంచే పుంజుకుంది.

అయినా ఎంజైము అసలు ఏ పదార్థమో అప్పటికి తేలలేదు. అమెరికాలో జేమ్స్ సమ్నర్ అనే యువకుడు ఆ ప్రశ్నను పట్టుకున్నాడు. పదిహేడేళ్ల వయసులో వేటలో తుపాకీ గుండు తగిలి ఆయన ఎడమ చెయ్యి పోయింది. ఒంటి చేత్తో ప్రయోగశాలలో పని చేయలేవని పెద్దలు వారించినా వినలేదు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్‌బీన్ గింజల్లో యూరియేజ్ అనే ఎంజైము దండిగా ఉంటుంది. యూరియాను అమోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టడం దాని పని. ఆ ఎంజైమును సమ్నర్ ఏళ్ల తరబడి శుద్ధి చేస్తూ పోయి, 1926లో స్ఫటికాలుగా రాబట్టాడు. పరీక్షిస్తే ఆ స్ఫటికాలు ప్రోటీను. పేరున్న శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. చివరికి 1946లో నోబెల్ బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. రైతు పొలంలో చల్లిన యూరియా పైరుకు అందాలన్నా ఈ యూరియేజే ఆధారం. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేసి, యూరియాను ముందుగా అమోనియాగా మారుస్తాయి. నేల మీద పైపైన చల్లి వదిలేస్తే ఆ అమోనియాలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. అందుకే యూరియాను మట్టిలో కలిసేలా వేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

ఎంజైము ప్రోటీను అని తేలింది. మరి ఇంత వేగం దానికి ఎక్కడిది? జవాబు దాని ఆకారంలో ఉంది. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి చేరిన గొలుసు. ఆ గొలుసు నిటారుగా ఉండదు. మడతలు పడి, మెలికలు తిరిగి, ఒక ఉండలా ముడుచుకుంటుంది. ఆ ఉండ మీద ఒక చోట చిన్న గుంట ఏర్పడుతుంది. ఎంజైము ఏ పదార్థం మీద పని చేస్తుందో ఆ పదార్థపు అణువు ఆ గుంటలో ఇముడుతుంది. పని జరిగే చోటు అదే. దాన్ని క్రియాశీల స్థానం అంటారు. తాళంలో తాళంచెవి పట్టినట్టు అణువు అందులో పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1894లోనే చెప్పాడు. ఆ తాళం బిగుసుకుని ఉండేది కాదని, చెవి దూరేటప్పుడు తానూ కాస్త సర్దుకుంటుందని 1958లో డేనియల్ కోష్లాండ్ సవరించాడు.

గుంటలో చేరిన అణువుకు ఏమవుతుందో మొదటిసారి స్పష్టంగా కనిపించింది 1965లో. లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్-కిరణాల సాయంతో లైసోజైమ్ అనే ఎంజైము రూపురేఖలను అణువు అణువునా గీసింది. లైసోజైమ్ కన్నీళ్లలో ఉంటుంది, కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది. పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే అంతకు ముందు, 1922లో, దీన్నీ వెల్లడించాడు. బాక్టీరియా గోడలోని చక్కెర గొలుసును కత్తిరించి, ఆ గోడను పగలగొట్టడం దీని పని. లైసోజైమ్ గుంట పొడవాటి చీలికలా ఉంటుంది. చక్కెర గొలుసు ఆ చీలికలో పడుకుంటుంది. తెగవలసిన బంధం దగ్గర గొలుసు కాస్త వంగి, ఒత్తిడికి లోనవుతుంది. ఆ బంధానికి అటొకటి ఇటొకటి, సరిగ్గా కావలసిన చోట రెండు అమైనో ఆమ్లాలు నిలిచి ఉంటాయి. ఒకటి హైడ్రోజన్ అయానును అందిస్తుంది, రెండోది తెగిన కొసను ఆదుకుంటుంది. బంధం తెగిపోతుంది. ముక్కలు విడిపోతాయి. గుంట ఖాళీ అవుతుంది.

రసాయన చర్య ఏదైనా మొదలు కావడానికి కొంత శక్తి ముందుగా పెట్టాలి. ఎండు కట్టె మండడానికి సిద్ధంగానే ఉంటుంది, అగ్గిపుల్ల గీస్తేనే అంటుకుంటుంది. ఆ తొలి శక్తిని ఉత్తేజన శక్తి అంటారు. అణువులను సరైన తీరులో పట్టి ఉంచి, తెగవలసిన బంధాన్ని వంచి, కావలసిన అయానును అక్కడికక్కడ అందించి, ఎంజైము ఆ ఉత్తేజన శక్తిని తగ్గించేస్తుంది. అందుకే ఒంటి వెచ్చదనమే సరిపోతుంది. ఎంజైము బయటినుంచి శక్తి తెచ్చి పొయ్యదు. చర్య ఎటు సాగాలో, ఎక్కడ ఆగాలో కూడా మార్చదు. త్వరగా చేరుస్తుంది, అంతే.

ఆకారం మీద ఆధారపడిన పని కాబట్టి ఎంజైముకు ఎంపిక కూడా ఎక్కువే. బియ్యంలోని పిండిపదార్థం గ్లూకోజ్ అణువుల గొలుసు. వరిగడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ అణువుల గొలుసే. రెంటిలోనూ ఉన్నది అదే గ్లూకోజ్. ఒక గ్లూకోజ్‌ను పక్కదానితో కలిపే బంధం ఏ వైపు తిరిగి ఉందన్నదే తేడా. ఆ చిన్న తేడాతో లాలాజలంలోని అమైలేజ్ బియ్యాన్ని తెంచుతుంది, గడ్డి జోలికి పోదు. అందుకే వరిచేలో పండిన గింజ మనిషికి, గడ్డి పశువుకు. ఇందులో వింత ఏమిటంటే, ఆవుకూ గేదెకూ కూడా గడ్డిని తెంచే ఎంజైము సొంతంగా లేదు. వాటి పొట్టలో రూమెన్ అనే పెద్ద అర ఉంటుంది. అందులో కాపురముండే సూక్ష్మజీవులకు సెల్యులేజ్ ఉంది. గడ్డిని అవి విడగొడితే, పశువు ఆ ఫలితం మీద బతుకుతుంది. ఒక్క బంధం తిరిగిన తీరు మీద ఇంత వ్యవసాయం, ఇంత పాడి ఆధారపడి ఉన్నాయి.

ఆకారమే బలం కాబట్టి ఆకారం చెడితే పని ఆగుతుంది. ఈ మాట కూడా గుర్తుంచుకోదగ్గదే. ఎంజైము పని దాని ఆకారంలో ఉంది, ఆకారం చెడితే పని పోయినట్టే.

ఆకారాన్ని చెడగొట్టే వాటిలో మొదటిది వేడి. కొంతవరకు వేడి పెరిగేకొద్దీ ఎంజైము పని చురుకవుతుంది. హద్దు దాటితే గొలుసు మడతలు విడిపోతాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన గడ్డకట్టడం ఆ మార్పే. ఇక వెనక్కి రాదు. చల్లదనం అలా కాదు. అది ఎంజైమును చంపదు, నెమ్మదింపజేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయలు ఆలస్యంగా పాడవడానికి ఇది ఒక కారణం.

వేడికీ ఎంజైముకూ ఉన్న సంబంధాన్ని సయామీ పిల్లి ఒళ్లే చూపిస్తుంది. ఆ పిల్లి ఒళ్లంతా లేత రంగు. చెవులు, మూతి, పాదాలు, తోక మాత్రం ముదురు రంగు. నల్లరంగును తయారు చేసే టైరోసినేజ్ అనే ఎంజైము ఆ జాతిలో కాస్త మారిపోయి ఉంటుంది. ఒంటి వెచ్చదనానికే అది పని మానేస్తుంది. చల్లగా ఉండే చెవుల్లో, తోకలో మాత్రం పని చేస్తుంది. తల్లి కడుపులో అంతా వెచ్చగానే ఉంటుంది కాబట్టి పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి. తరువాత రోజులు గడిచేకొద్దీ చెవులు, తోక నల్లబడతాయి.

వేడికి లొంగనివీ ఉన్నాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఒక బాక్టీరియాను కనిపెట్టి, 1969లో వివరించాడు. 70 డిగ్రీల నీటిలో అది హాయిగా బతుకుతుంది. డీఎన్ఏను తయారు చేసే దాని ఎంజైము నీరు మరిగే వేడికి దగ్గరగా వెళ్లినా చెడదు. డీఎన్ఏ నకళ్లను లక్షలకొద్దీ తీసే పీసీఆర్ పద్ధతిలో మిశ్రమాన్ని పదేపదే వేడి చేయాలి. ఆ బాక్టీరియా ఎంజైము దొరకడంతో ఆ పని సులువైంది. కరోనా కాలంలో ముక్కులోంచి తీసిన నమూనాలకు చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఈ పద్ధతికి చెందినదే.

ఎంజైము వేడికి చెడడం పాల డెయిరీల్లో ఒక పరీక్షగా ఉపయోగపడుతుంది. పచ్చిపాలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము సహజంగా ఉంటుంది. క్షయ క్రిమిని చంపడానికి కావలసిన వేడి కంటే కొంచెం ఎక్కువ వేడికి అది చెడుతుంది. పాశ్చరైజ్ చేశాక పాలలో ఆ ఎంజైము ఇంకా పని చేస్తోందంటే, పాలు సరిగా వేడెక్కలేదని అర్థం.

ఎంజైము ఆకారాన్ని చెడగొట్టే వాటిలో రెండోది పులుపు, అంటే ఆమ్లం. నోటిలోని అమైలేజ్‌కు ఆమ్లం, క్షారం కాని తటస్థ స్థితి కావాలి. కడుపులోని పెప్సిన్‌కు గాఢమైన ఆమ్లం కావాలి. చిన్నపేగులోని ట్రిప్సిన్‌కు కాస్త క్షారం కావాలి. అందుకే నోట్లో మొదలైన అన్నం అరుగుదల కడుపు ఆమ్లంలో ఆగి, చిన్నపేగులో క్లోమరసం కలిశాక మళ్లీ సాగుతుంది. వంటింట్లో చూస్తే, కోసిన వంకాయ నల్లబడడం కూడా ఎంజైము పనే. కత్తి పడగానే కణాలు పగిలి, లోపలి ఎంజైముకు గాలి తగులుతుంది. ముక్కలను వెంటనే ఉప్పు నీళ్లలో వేస్తే గాలి అందదు, ఉప్పు కూడా ఎంజైమును అడ్డుకుంటుంది. టీ ఆకును నలిపి ఆరబెట్టేటప్పుడు అదే రకం ఎంజైము పని చేయబట్టే పచ్చటి ఆకు నల్లటి పొడి అవుతుంది. హైదరాబాద్ కచ్చీ గోష్త్ బిర్యానీలో మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది అందులోని పపైన్ అనే ఎంజైము కోసమే. అది మాంసపు ప్రోటీన్లను తెంచి మెత్తబరుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిపిండి అయిపోతుంది.

చాలా ఎంజైములు ఒంటరిగా పని చేయలేవు. వాటి గుంటలో మరో చిన్న పదార్థం తోడుండాలి. కొన్నిటికి జింకు, ఇనుము వంటి లోహాలు ఆ తోడు. కొన్నిటికి విటమిన్ల నుంచి వచ్చే సహఎంజైములు. తెలుగు నేల మీద ఈ పాఠం చాలా కష్టంతో తెలిసింది. బ్రిటిష్ పాలనలో దేశం మొత్తం మీద బెరిబెరి వ్యాధి ఎక్కువగా కనిపించిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తా జిల్లాల్లో ఎక్కువ భాగం. మరపట్టిన పచ్చిబియ్యమే అక్కడి తిండి. మరలో తవుడుతో పాటు థయామిన్, అంటే బి1 విటమిన్, పోయేది. ఆ విటమిన్ లేకపోతే గ్లూకోజ్‌ను పూర్తిగా మండించే ఎంజైము మధ్యలో నిలిచిపోతుంది. నరాలు, గుండె దెబ్బతింటాయి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, మనిషి నడవలేకపోయేవాడు. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం తినేవాళ్లలో ఈ వ్యాధి కనిపించేది కాదు. తెలంగాణలో జొన్న తప్ప మరో తిండి లేని పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. అది నయాసిన్ అనే మరో బి విటమిన్ లోటు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేచేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాని మీద ఎంతో కృషి చేశారు. విటమిన్లు ఒంటికి ఎందుకు కావాలన్న ప్రశ్నకు, బి విటమిన్ల వరకు, సూటి జవాబు ఇదే. ఎంజైములకు తోడుగా ఉండడానికి.

ఇంత పదునైన ఎంజైములను అదుపులో పెట్టడమూ అవసరమే. మాంసాన్ని కరిగించే పెప్సిన్‌ను కడుపు కణాలు అలాగే తయారు చేస్తే ఆ కణాలే కరిగిపోతాయి. అందుకే ముందు పనిచేయని రూపంలో తయారవుతుంది. కడుపులోని ఆమ్లం తగిలాకే అసలు పెప్సిన్‌గా మారుతుంది. రక్తం గడ్డకట్టించే ఎంజైములదీ ఇదే తీరు. ఒకటి మేలుకుని రెండోదాన్ని, అది మూడోదాన్ని మేల్కొలుపుతుంది. రక్తపింజర విషం ఈ వరుసలోనే దెబ్బ కొడుతుంది. ఆ విషంలోని ఎంజైములు గడ్డకట్టించే పదార్థాలను ఒక్కసారిగా రేపి ఖర్చు చేసేస్తాయి. ఆ తరువాత రక్తం గడ్డకట్టదు, చిగుళ్ల నుంచి కూడా కారుతుంది. పాము కాటుతో వచ్చిన మనిషి రక్తాన్ని వైద్యులు శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. వంచి చూస్తే ఇంకా నీళ్లలా పారుతుంటే, విషం పని చేస్తోందని వెంటనే తెలుస్తుంది.

ఎంజైము తగ్గినా, చోటు తప్పినా ఒంట్లో తేడా తెలుస్తుంది. పెద్దయ్యాక కొందరిలో పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ తగ్గిపోతుంది. వాళ్లకు పాలు పడవు, కడుపు ఉబ్బరిస్తుంది. పెరుగు పడుతుంది, తోడులోని బాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే విడగొట్టి ఉంటుంది కాబట్టి. కాలేయం పరీక్షల కాగితంలో ఎస్‌జీపీటీ అని కనిపించేదీ ఎంజైమే. కాలేయ కణాల్లో ఉండవలసినది రక్తంలో ఎక్కువగా కనిపిస్తే, కణాలు దెబ్బతిన్నాయని గుర్తు.

ఇక మిగిలింది ఎంజైమును ఆపే పదార్థాల సంగతి. వాటిని నిరోధకాలు అంటారు. విషాలూ వాటిలోనే ఉన్నాయి, మందులూ వాటిలోనే ఉన్నాయి.

మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందులు విషం వైపు ఉదాహరణ. నరం నుంచి కండరానికి కబురు అందించే పదార్థం ఎసిటైల్‌కోలిన్. కబురు అందాక దాన్ని వెంటనే తుడిచేయడం ఒక ఎంజైము పని. ఈ మందులు ఆ ఎంజైము గుంటలో అంటుకుపోతాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కంటిపాపలు చిన్నవవుతాయి, చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, చివరికి ఊపిరి ఆడదు. పురుగు చచ్చేది ఇలాగే. మనిషికి జరిగేదీ ఇదే. మందు తాగితేనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. పిచికారీ చేస్తుండగా కళ్లు మసకబారి, చొంగ కారి, కడుపులో తిప్పితే బట్టలు వెంటనే తీసేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు సీసాతో సహా ఆసుపత్రికి చేరాలి. అట్రోపిన్ ఆ లక్షణాలను అడ్డుకుంటుంది. ప్రాలిడాక్సిమ్ అనే మందు, ఆలస్యం కాకుండా ఇస్తే, విషాన్ని ఎంజైము నుంచి ఊడగొట్టగలదు. ఆలస్యమైతే ఊడదు. ఇక్కడ గంటలు లెక్క.

మందు వైపు ఉదాహరణ భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పనిలో ఉంది. కొత్త కణం పుట్టాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చాలి. ఆ పని ఒక ఎంజైముది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన, కానీ దాని పని చేయని పదార్థాలను తయారు చేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. తాళంలో దూరి తిరగని చెవిలా అది ఎంజైము గుంటలో చేరి కూర్చుంటుంది. అసలు ఫోలిక్ ఆమ్లానికి చోటు దొరకదు. వేగంగా పెరిగే కణాలకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఎంజైము సంగతి తరువాతి ఏళ్లలో తేలింది కానీ, మందు ముందే పని చేసి చూపించింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు దాన్ని ఇచ్చాడు. అప్పటిదాకా ఆ వ్యాధి వస్తే వారాల్లో, నెలల్లో ప్రాణం పోవడమే. వారిలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే అయినా పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ పిల్లల రక్త క్యాన్సర్‌లోనూ, కీళ్లవాతంలోనూ నేటికీ వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో దాని పేరు ఉంది.